మైకు చేను గట్టు దగ్గరే ఆగిపోతే ఎట్లా?

మొన్న మన మండల కమిటీ మీటింగులో ఒక తీర్మానం లాంటిది అయింది. మినిట్స్ పుస్తకంలో రాయలేదు గానీ నోటిమాటగా అందరూ తలూపారు. "ఈసారి క్రాసింగ్ మొదలైనంక రేడియోవోళ్లు గానీ పేపరోళ్లు గానీ ఎవరొచ్చినా సీడు పత్తి చేన్లకు అడుగు పెట్టనియ్యొద్దు. ఏమడిగినా మాట్లాడొద్దు" అని. నేనొక్కణ్ని తలూపలేదు. అప్పుడే యూరియా సంగతి వచ్చి చర్చ అటు మళ్లింది, నా మాట నాలోనే ఉండిపోయింది. ఆ మాటే ఇక్కడ రాస్తున్నాను. కోపమొచ్చిన వాళ్లు వచ్చే నెల సంచికలో జవాబు రాయండి, చదువుతాను.

ఈ మాట ఎందుకు పుట్టిందో మీకు తెలుసు. పోయిన నెల జిల్లా కేంద్రంలో ఒక స్వచ్ఛంద సంస్థ మూడు రోజుల శిక్షణ పెట్టింది. బాలకార్మికుల గురించి రేడియోలో ఎట్లా చెప్పాలి, ఏమడగాలి, ఏమడగకూడదు అని రేడియో విలేకరులకు నేర్పే శిక్షణ. వచ్చింది ఇరవై మంది పైచిలుకు. సామాజిక రేడియోల్లో పనిచేసే ఆడపిల్లలు కొందరు, రోజు లెక్కన ఆకాశవాణికి కార్యక్రమాలు చేసే కుర్రాళ్లు కొందరు. రైతుల తరఫున ఒకరు కావాలని యూనియన్‌కు కబురొస్తే, ఎవరూ పోమంటే నేను పోయాను. "నువ్వు పోయి మన గుట్టు చెప్పొచ్చినవ్" అని కొందరు అంటున్నారు. ఏ గుట్టు? నడిగడ్డలో సీడు పత్తి చేన్లలో పిల్లలు పనిచేశారన్నది లోకమంతా ఇరవై ఏళ్ల కిందనే చదివిన సంగతి. మనకు మనమే అది గుట్టు అనుకుంటున్నాం.

ముందు శిక్షణ మీద నా తగాదా చెప్తాను. తరువాత మన మీద నా తగాదా చెప్తాను.

రెండో రోజు మధ్యాహ్నం ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టారు. ఒకరు విలేకరి, ఒకరు యజమాని, ఒకరు తల్లి. నిజం రైతును ఎదురుగా పెట్టుకుని వేషం కట్టడం ఎందుకని నన్నే కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయేమో, రికార్డర్ నా ముందు పెట్టింది. "పెదనాయినా, మీ చేన్ల పిల్లలెందుకు పనిచేస్తున్నరు? వాళ్లకు ఎంతిస్తున్నరు? పొద్దున ఎన్నింటికి వస్తరు? మందు కొట్టినప్పుడు దూరం ఉంచుతున్నరా? బడికి పంపాలని మీకు అనిపించదా? చట్టం తెలుసా?" ఇట్లా ఎనిమిది ప్రశ్నలు. నేను లెక్కబెట్టాను. ఒక్కటీ తప్పు ప్రశ్న కాదు. అన్నింటికీ జవాబు చెప్పాల్సిన వాణ్నే నేను. కానీ ఎనిమిదీ నా మీదికే వచ్చాయి. ఆ విత్తనం ఎవరిది, ఎవరికి పోతుంది, దానికి నాకెంత ముడుతుంది, ఆ రేటు ఎవరు కట్టారు అన్న తొమ్మిదో ప్రశ్న లేదు. ఆ పిల్ల చదివిన కాగితం శిక్షణ ఇచ్చినవాళ్లు తయారుచేసిందే. పిల్లను తప్పుపట్టను.

వాళ్లు చూపించిన ఉదాహరణలు కూడా అట్లాంటివే. హోటల్లో గ్లాసులు కడిగే పిల్లవాడు, ఇటుక బట్టీ, మెకానిక్ షెడ్డు. ఉన్నమాటే, కాదనను. కానీ అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ కలిసి 2024కు కట్టిన లెక్కలో లోకంలో 13.8 కోట్ల మంది పిల్లలు పనిలో ఉన్నారు, వాళ్లలో 61 శాతం వ్యవసాయంలోనే. హోటలుకు బోర్డు ఉంటుంది, షెడ్డుకు షట్టరు ఉంటుంది, అధికారి పోయి నిలబడటానికి ఒక గడప ఉంటుంది. చేనుకు ఏముంది? రోడ్డు మీద జీపు కనపడగానే పిల్లలు మగ సాళ్లల్లో కూర్చుంటే కనపడరు. మన చేన్లో అది జరిగిందో లేదో మీకు తెలుసు, నాకు తెలుసు.

చేను సంగతి తెలియకుండా చేను వార్త చేయలేరు. అందుకే ఆ రోజు సాయంత్రం అడగకుండానే లేచి, బోర్డు మీద పత్తి పువ్వు బొమ్మ వేసి చెప్పాను. మీకు తెలిసిందే అయినా మళ్లీ రాస్తున్నా, ఎందుకంటే నా వాదమంతా ఆ పువ్వులోనే ఉంది. హైబ్రిడ్ పత్తి మన దేశంలో 1970లో మొదలైంది. గుజరాత్‌లోని సూరత్‌లో డాక్టర్ సి.టి. పటేల్ తీసిన హెచ్-4 మొదటిది. హైబ్రిడ్ విత్తనం తనంతట తాను పండదు. ఆడ చెట్టు మీద మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా పట్టుకుని, బొటనవేలి గోటితో రెక్కలూ కేసరాలూ ఒలిచి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క పెట్టాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడి ఈ కీలానికి రుద్దాలి. పొద్దెక్కితే పుప్పొడి పనికిరాదు. ఒక్క మొగ్గ మిగిలిపోతే తన పుప్పొడి తనకే పడి, ఆ కాయలో విత్తనం కల్తీ అవుతుంది. ఇట్లా రెండు మూడు నెలలు, ఒక్కరోజు విడుపు లేకుండా. మా దగ్గర ఎకరానికి రోజూ పది మంది దాకా చేతులు కావాలి. మిషన్ లేదు. ట్రాక్టరు చేసే పని కాదు.

"పిల్లల వేళ్లు సన్నగుంటయి, మొగ్గ నలగదు, వాళ్ల ఎత్తు చెట్టెత్తు సమానం" అని మనమే ఒక కథ అల్లాం. నేనూ చెప్పినవాణ్నే. శిక్షణలో ఒకాయన ఆ కథనే తెరమీద చూపించి, ఇదీ కారణం అన్నాడు. అబద్ధం. ఈనాడు నా చేన్లో నలభై ఏళ్ల ఆడవాళ్లు క్రాసింగ్ చేస్తున్నారు, కాయ ఎక్కడా తగ్గలేదు. పిల్లల్ని పెట్టుకున్నది వేళ్ల సన్నదనానికి కాదు, కూలి సన్నదనానికి. పెద్దోళ్లకిచ్చే దాంట్లో సగం ఇస్తే చాలు. పైగా పిల్లలు కూలి పెంచమని అడగరు, మధ్యలో వేరే చేనుకు పోరు, తండ్రి అడ్వాన్సు తీసుకుని ఉంటాడు కాబట్టి సీజన్ అయ్యేదాకా కదలరు.

ఇక నా సొంత సంగతి. 2003లో నాకు ఎకరంన్నర సీడు పత్తి ఉండేది. పదకొండు మంది పిల్లలు పనికొచ్చేవాళ్లు. తొమ్మిది మంది ఆడపిల్లలే. అందరికంటే చిన్నదానికి తొమ్మిదేళ్లు ఉంటాయేమో, వాళ్లమ్మ పదకొండు అని చెప్పింది, నేను నమ్మినట్టు ఉన్నాను. వాళ్ల తండ్రులకు ఎండాకాలంలోనే అడ్వాన్సు ఇచ్చాను. ఆ అడ్వాన్సు డబ్బు నాది కాదు, ఆర్గనైజరు ఇచ్చింది. దానికి వడ్డీ వేసి గింజల లెక్కలో పట్టుకుంటాడు. సెప్టెంబరులో ఒకనాడు మోనోక్రోటోఫాస్ కొట్టాం. మర్నాడు పొద్దున్నే పిల్లలు చేన్లోకి దిగారు. ఆపాలని నాకు తెలియక కాదు, ఆపితే ఆ రోజు పువ్వు పోతుంది. పదింటికి ఆ చిన్నపిల్ల సాలు మధ్యలో కూలబడి వాంతులు చేసుకుంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకపోయాం, బతికింది. వాళ్ల నాయిన వచ్చి నన్ను తిడతాడనుకున్నా. కొడతాడనుకున్నా. ఆయన చేతులు కట్టుకుని నిలబడి అడిగింది ఒక్కటే: "అన్నా, ఈ రెండు రోజుల కూలి కోస్తవా?"

ఆ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. శిక్షణలో కూడా చెప్పలేదు. మన పత్రికలో రాస్తున్నాను, ఎందుకంటే "మైకు ముందు మాట్లాడొద్దు" అన్న మాటకు తలూపితే, ఆ మనిషి అడిగిన దానికి నేను ఇప్పటికీ జవాబు చెప్పనట్టే. కూలి కోశానా లేదా అని మీరడగొచ్చు. కోయలేదు. కానీ ఆసుపత్రి ఖర్చు అడ్వాన్సు కింద రాశాను. దానికంటే అది పెద్ద మేలేం కాదు.

అక్కడితో బుద్ధొచ్చిందని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. రెండేళ్లకు కంపెనీలు కొత్త పాట ఎత్తుకున్నాయి. 2003లో మన దగ్గరి సీడు పత్తి మీద డాక్టర్ దావులూరి వెంకటేశ్వర్లు రాసిన నివేదిక యూరప్ దాకా పోయి అక్కడ గొడవైంది. బహుళజాతి కంపెనీలు సర్దుకుని, 2005-06 సీజనులో పిల్లలు లేని చేనుకు కొనుగోలు ధర మీద 5 శాతం బోనస్, పిల్లలు దొరికితే హెచ్చరిక, మళ్లీ దొరికితే కోత, అప్పటికీ మారకపోతే వచ్చే ఏడు విత్తనం బంద్ అన్నాయి. అదే 2005లో వెంకటేశ్వర్లు, లూసియా డ కోర్టా కలిసి ఇంకో నివేదిక తెచ్చారు, 'ద ప్రైస్ ఆఫ్ చైల్డ్‌హుడ్' అని. దాన్ని మన యూనియన్ ఆఫీసులో గోడకు అంటించాల్సింది, మనలో చదివిన వాళ్లెందరు? అందులో తేల్చిన సంగతి సూటిగా ఇది: కంపెనీ ఇచ్చే కొనుగోలు ధరకు పెద్దవాళ్లకు బజారు కూలి ఇచ్చి సీడు పత్తి పండిస్తే రైతుకు మిగలదు. అంటే పిల్లల చవక కూలి ఆ ధర లోపలే కలిపి ఉంది. మనం పిల్లలను పెట్టుకున్నందుకు ధర తగ్గలేదు, పిల్లలు దొరుకుతారని తెలిసే ధర అంత తక్కువ కట్టారు.

బోనస్ వచ్చినా చాలలేదు. నేను కూలి పిల్లలను మాన్పించి ఏం చేశానో తెలుసా? నా బిడ్డను దింపాను. సొంత పిల్ల కదా, బాలకార్మికురాలు ఎట్లవుతుందని. తొమ్మిదో తరగతిలో ఆగస్టు నుంచి దసరా దాకా సగం రోజులు బడికి పోలేదు. మరుసటి ఏడు పదో తరగతిలో లెక్కలు తప్పింది. "ఆ లెక్కలు అది తప్పలే, నువ్వు తప్పించినవ్" అంది నా భార్య. ఇప్పటికీ ఆ మాట అంటుంది, కోపమొచ్చినప్పుడల్లా.

ఇక్కడే చట్టం సంగతి చెప్పాలి. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జుర్మానా అన్నారు. మంచిదే. కానీ సొంత కుటుంబం పనిలో బడి వేళలు అయినంక, సెలవుల్లో సాయం చేయొచ్చని ఒక కిటికీ తెరిచి పెట్టారు. ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్లు పత్తి పువ్వును చూసి ఉండరు. మొగ్గ ఒలిచేది మధ్యాహ్నం మూడు దాటినంక, అది బడి తరువాత అనుకుందాం. పుప్పొడి రుద్దేది పొద్దున, సరిగ్గా ప్రార్థన గంట కొట్టే వేళకు. మరి పొద్దున పూట రుద్దని మొగ్గను సాయంత్రం ఒలిచి ఏం లాభం? పువ్వు బడి గంట చూసుకుని విచ్చుకోదు. సీడు పత్తిలో "బడి తరువాత సాయం" అనేది లేదు. ఈ ఒక్క సంగతి రేడియోలో ఒక విలేకరి పొద్దున తొమ్మిదింటికి చేన్లో నిలబడి, అటుపక్క బడి గంట వినపడుతుంటే చెప్పగలిగితే, పది సెమినార్ల కంటే ఎక్కువ పని అవుతుంది. టీవీకి బొమ్మ కావాలి. రేడియోకు ఆ గంట చప్పుడు చాలు.

ఇంకో సంగతి చూడండి. ఆ చట్టంలో జైలు ఎవరికి? పిల్లలను పనిలో పెట్టుకున్నవాడికి. కంపెనీ ఎవరినీ పెట్టుకోదు కదా! మూలవిత్తనం ఆర్గనైజరుకు ఇస్తుంది, ఆర్గనైజరు మనకిస్తాడు, మన చేన్లో మన కూలీలు. పంట వచ్చినంక జీఓటీ పరీక్షలో ఫెయిలంటే సరుకు మన నెత్తిన, పాసైతే కంపెనీ ప్యాకెట్లో. పిల్లలు దొరికితే కేసు మన మీద. మనలో ఎందరి దగ్గర కంపెనీ సంతకం పెట్టిన ఒప్పందం కాగితం ఉంది? ఆర్గనైజరు రాసిచ్చిన చీటీ తప్ప నా దగ్గరైతే ఏనాడూ లేదు. "బాలకార్మికులను పెట్టుకోను" అని మాత్రం మనతో సంతకం పెట్టించుకుంటారు. ఆ షరతుకు ఎంత ఖర్చవుతుందో ధరలో కలపరు.

ధర మాటకొస్తే, బీటీ పత్తి ప్యాకెట్ 475 గ్రాములు. దాని గరిష్ఠ ధర కేంద్రం ప్రకటిస్తుంది. బీజీ-2కు 2024లో 864 రూపాయలు, 2025లో 901. అంటే కిలో దగ్గర దగ్గర పందొమ్మిది వందలు. మీకు కిలోకు ఎంత ముట్టింది? చీటీ తీసి పక్కన పెట్టి చూసుకోండి. అందరి రేటూ ఒకటి కాదు కాబట్టి నేను రాయను. పైన ధర పెరిగినప్పుడు మన చీటీలో ఎంత పెరిగిందో కూడా చూసుకోండి. కంపెనీని అడిగితే ధర మా చేతిలో లేదంటుంది. ఒకటి గుర్తు చేస్తా. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మోన్‌శాంటో రాయల్టీ మీద ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా పోయి కొట్లాడితే 1,600 పైబడి ఉన్న ప్యాకెట్ 750కి దిగింది. 2020లో ఆ రాయల్టీ సున్నా అయింది. ధర దిగలేనిదేం కాదు, అడిగినవాడుంటే దిగింది. సీడు రైతు ధర ఎక్కడం కూడా అట్లాంటిదే, ఇంతవరకు గట్టిగా అడిగినవాడు లేడు అంతే.

తొమ్మిదో ప్రశ్న అంటే ఇది. పాపకు ఎంతిస్తున్నావు అని నన్ను అడిగిన విలేకరి, నీకెంతిస్తున్నారు అని కూడా నన్ను అడగాలి, ఆ చీటీ పట్టుకుని ఆర్గనైజరు ఇంటికి పోవాలి, అక్కణ్నుంచి కంపెనీ ఆఫీసుకు పోవాలి. లోపలికి రానియ్యకపోతే గేటు బయట నిలబడి "మేము వచ్చాం, మాట్లాడమన్నారు" అని రేడియోలో చెప్పాలి. అది నేర్పని శిక్షణ సగం శిక్షణ. పిల్ల ఏడుపు, వెనక వేణువు, చివర "ఈ చిన్నారి భవిష్యత్తు ఏమిటి?" అని ఒక నిట్టూర్పు. అట్లాంటి కార్యక్రమం వింటే పట్నంలో ఎవరికో రెండు నిమిషాలు గుండె బరువెక్కుతుంది. గట్టు ఇవతల నేను దొంగనవుతాను. గట్టు అవతల ఎవరి పేరూ వినపడదు.

బయటి దేశాల్లోనూ ఇదే కథ. చాక్లెట్‌కు కోకో గింజలు పండించే ఐవరీ కోస్ట్, ఘనాలో పిల్లల పని గురించి విలేకరులు రాస్తే, గొడవ చాక్లెట్ కంపెనీల దాకా పాకింది. 2001లో అవి అమెరికాలో ఒక ఒడంబడికకు వచ్చాయి. 2005 నాటికి సరిచేస్తామన్నారు. తరువాత 2008 అన్నారు. తరువాత 2010. తరువాత 2020 నాటికి 70 శాతం తగ్గిస్తామన్నారు. 2020లో లెక్క తీస్తే ఆ రెండు దేశాల్లో కోకో పనిలో 15 లక్షల పైచిలుకు పిల్లలు ఉన్నారు. కంపెనీ మాటిస్తే అక్కడితో వార్త అయిపోలేదని, గడువు తేదీ రాసిపెట్టుకుని ఆ రోజు మళ్లీ పోయి అడగాలని విలేకరికి నేర్పాలి. మన 5 శాతం బోనస్ ఏమైందని ఎవరైనా తిరిగొచ్చి అడిగారా?

శిక్షణలో మంచి లేదా అంటే ఉంది. పిల్లను పనికి పెట్టుకున్నవాడి ముందర మాట్లాడించొద్దన్నారు, మీరు పోయినంక దెబ్బలు తినేది ఆ పిల్లే అని. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్ల పేరు, ఊరు, బడి బయటపడేటట్టు చెప్పకూడదని నేర్పారు. రేడియోలో ముఖం కనపడదు కదా, భయమేం లేదని ఒక కుర్రాడు అన్నాడు. అక్కడున్న ఒక ఆడపిల్ల, "మా ఊర్ల గొంతు ఇంటే ఎవరి పిల్లనో చెప్తరు సార్, దగ్గు ఇన్నా చెప్తరు" అంది. అందరూ నవ్వారు గానీ మూడు రోజుల్లో నేను విన్న తెలివైన మాట అదే. పిల్లల కష్టం పిల్లల నోటితోనే చెప్పించనక్కర్లేదు. అప్పుడు పనిచేసి ఇప్పుడు పెద్దయిన ఆడవాళ్లు మన ఊళ్లలో వందల మంది ఉన్నారు, వాళ్ల నోటితో చెప్పించండి. నాలాంటివాడి నోటితో చెప్పించండి.

ఇక శిక్షణకు వచ్చిన సామాజిక రేడియో పిల్లల సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మూడు రోజులు వార్త ఎట్లా చెయ్యాలో నేర్పారు. చివరి రోజు ఒకరు లేచి, "మాకు వార్తలు వేసే పర్మిషనే లేదు కదా సార్" అన్నారు. నిజం. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకు, సంఘాలకు సామాజిక రేడియో లైసెన్సులు ఇస్తున్నారు గానీ సొంతంగా వార్తలు, రాజకీయ విషయాలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలనే ఉన్నవున్నట్టు మళ్లీ వేసుకోవచ్చు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో డీడీఎస్ మహిళల 'సంఘం రేడియో' ఉంది. 2008 అక్టోబర్ 15న మొదలైంది, దళిత ఆడవాళ్లు, చిన్న రైతులు నడిపేది. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి వాళ్లంత బాగా చెప్పేవాళ్లు లేరు. కానీ పక్క ఊరి చేన్లో జరిగింది వార్తగా చెప్పాలంటే మాత్రం వాళ్లకు కుదరదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. పేపరుకు వార్త రాసే హక్కుంది, టీవీకి రోజంతా అరిచే హక్కుంది. పల్లెలో పదిహేను కిలోమీటర్లు కూడా పోని రేడియోకు మాత్రం లేదు. బాలకార్మికుల మీద నిజంగా శ్రద్ధ ఉన్న సంస్థలు శిక్షణ సర్టిఫికెట్లతో పాటు ఈ నిబంధన ఎత్తేయమని కూడా ఢిల్లీలో అడగాలి. మన యూనియన్ కూడా అడగాలి, అది మన పని కాదనుకోవద్దు.

ఆకాశవాణికి ఆ అడ్డు లేదు. దాని బలం ఏమిటో మన తరానికి చెప్పనక్కర్లేదు. అరవైలలో తంజావూరు జిల్లాలో ఏడీటీ-27 వరి రేడియో ప్రచారంతోనే చేన్లకు పాకింది. అక్కడి రైతులు దానికి 'రేడియో వరి' అనే పేరే పెట్టుకున్నారు. ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పుడు కొట్టాలి అని నేను రేడియోలో విని కొట్టినవాణ్నే. కొట్టిన మర్నాడు ఆ చేన్లోకి ఎవరు దిగుతారు, వాళ్ల వయసెంత అని మాత్రం నేను విన్నంతలో ఒక్కనాడూ వినలేదు. సేద్యం కార్యక్రమం సేద్యం సంగతే చెప్తుంది, బాలల కార్యక్రమం పాటలు పాడిస్తుంది. ఈ రెంటి మధ్య సాల్లో నిలబడ్డ పిల్ల ఏ కార్యక్రమానికీ చెందదు.

ఇప్పుడు మన మీద తగాదా. కమిటీలో ఒక అన్న అన్నాడు: "మనం చిన్నప్పుడు చెయ్యలేదా పని? చచ్చిపోయినమా?" అన్నా, చేశాం. మీరు ఐదో తరగతితో ఆగారు, నేను పదితో ఆగాను. అందుకే ఆర్గనైజరు చీటీలో వడ్డీ ఎట్లా కట్టాడో ఇద్దరం తేల్చుకోలేక కొడుకుల ఫోన్లలో లెక్క చూపించుకుంటున్నాం. ఇంకొకరు, "ఇప్పుడెవరు పెట్టుకుంటున్నరు పిల్లలను, తగ్గింది కదా" అన్నారు. తగ్గింది. బడికి తెచ్చిన టీచర్ల వల్ల, ఊరూరా తిరిగిన వాలంటీర్ల వల్ల, 2009 విద్యాహక్కు చట్టం వల్ల తగ్గింది. మన వల్ల తగ్గలేదు. పోలేదు కూడా. సొంత పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు, బయటి ఊళ్ల నుంచి తల్లిదండ్రులతో వలసొచ్చిన పిల్లలు ఇంకా ఉన్నారు. అవేవీ లేని చేనైతే మైకుకు భయమెందుకు?

"మాట్లాడితే మన మీదే కేసులు" అన్నది ఒక్కటే నాకు బలమైన వాదంగా కనిపించింది. నిజమే, తప్పు చేసి ఉంటే కేసు అవుతుంది. కానీ మాట్లాడకపోతే ఏమవుతున్నది? విలేకరి గట్టు మీద నుంచే ఫోటో తీసుకుని, మన మాట లేకుండానే మన గురించి చెప్తాడు. ధర సంగతి చెప్పగలిగిన ఒక్క సాక్షి మనం. ఆ సాక్షి నోరు మనమే కట్టేసుకుంటే లాభం ఎవరికి? రేడియోవోళ్లను రానియ్యొద్దన్న మాట కమిటీలో ఎత్తినవాళ్లలో ఇద్దరు ఆర్గనైజర్లకు దగ్గరి చుట్టాలు. ఆ సంగతి కూడా ఒకసారి ఆలోచించండి.

గిట్టుబాటు ధర అడిగే యూనియన్ మనది. సీడు పత్తికి గిట్టుబాటు ధర అంటే పెద్దోళ్ల కూలితో లెక్కగట్టిన ధర. పిల్లల కూలితో లెక్కగట్టి గిట్టుబాటు అడిగితే అది పిల్లల మీద గిట్టుబాటు. ఈ సీజన్ మొదలయ్యే ముందే ఎకరానికి ఎన్ని పెద్ద కూలీ రోజులు పడతాయి, రోజు కూలి ఎంత, మందులు, ఎరువులు, కౌలు ఎంత అని ప్రతి ఊళ్లో పది మంది రైతులవి రాయించి, ఆ లెక్క కంపెనీలకు, కలెక్టరుకు, రేడియోకు ఒకే రోజు ఇవ్వాలని నేను కమిటీలో తీర్మానం పెడుతున్నాను. ఈసారి మినిట్స్ పుస్తకంలో రాయించి పెడతాను.

ఎనిమిది ప్రశ్నలడిగిన ఆ పిల్ల శిక్షణ అయినంక ఫోను చేసింది. "పెదనాయినా, ఆ తొమ్మిదోది మీ చేన్లనే అడుగుత, రావొచ్చునా?" అంది. ఆగస్టులో క్రాసింగ్ మొదలైన మొదటి సోమవారం రమ్మన్నాను. పొద్దున తొమ్మిదికి ముందే రావాలి, బడి గంట రికార్డు చేసుకోవాలి. నా చీటీలు, 2003 నాటివి దొరికినన్ని, అన్నీ తీసి పెడుతున్నా. రావద్దనే వాళ్లు కూడా ఆ రోజు మా చేను కాడికి రండి. మైకు ముందే అనండి.